దేవుడు చెప్పాడని ఎవరైనా అంటే



ప్రార్థన కూటం అయిపోతుంది. అందరూ లేచి చాపలు మడుస్తుంటారు. బయట ఊరి నుంచి వచ్చిన సేవకుడు ఒక తల్లిని దగ్గరికి పిలుస్తాడు. ‘అమ్మా, మీ అమ్మాయి సంబంధం గురించి దేవుడు నాతో మాట్లాడాడు’ అంటాడు. ఇంకో ఇంట్లో కొడుకు వీసా కోసం ఎదురు చూస్తుంటాడు. ‘ఈ నెలాఖరులోగా వచ్చేస్తుంది, దేవుడు చూపించాడు, కృతజ్ఞత కానుక ముందే పంపండి’ అని ఫోన్లో ఒక గొంతు చెబుతుంది. మరో ఇంట్లో పెద్దాయనకు సుగర్ జబ్బు. ‘దేవుడు నిన్ను బాగుచేశాడు, ఇక మాత్ర ముట్టుకోవద్దు’ అని వేదిక మీద నుంచి మాట వస్తుంది.

ముగ్గురూ ఒకే మాట అంటున్నారు. దేవుడు నాతో చెప్పాడు అంటున్నారు. ఆ మాట చెవిన పడగానే విశ్వాసి గుండె దడదడలాడుతుంది. నమ్మితే మోసపోతామేమో. నమ్మకపోతే దేవుణ్ణి కాదన్నట్టు అవుతుందేమో. రెండు వైపులా భయమే.

ఆ క్షణంలో ఏం చెయ్యాలి? ఈ రోజు నా ప్రసంగమంతా ఈ ఒక్క ప్రశ్న గురించే. జవాబు ముందే చెబుతాను. వెంటనే తలూపకండి. వెంటనే కొట్టిపారేయకండి. ఆగండి. పరీక్షించండి.

ఇది నా సొంత సలహా కాదు. థెస్సలొనీక సంఘానికి పౌలు ఒక ఉత్తరం రాశాడు. క్రీస్తు శకం 50 ప్రాంతంలో రాసిన ఉత్తరం అది. క్రొత్త నిబంధనలో అతి పాత రచనల్లో ఒకటి. దాని చివరి అధ్యాయంలో ఆయన రెండు మాటలు పక్కపక్కన పెట్టాడు. ప్రవచనాలను తేలిగ్గా తీసెయ్యొద్దన్నాడు. ఆ వెంటనే, అన్నింటినీ పరీక్షించి మేలైనదాన్ని గట్టిగా పట్టుకోమన్నాడు. ఈ రెండూ కలిసే ఉండాలి. మొదటిది మాత్రమే పట్టుకున్నవాళ్ళు ప్రతి గొంతుకూ లోబడిపోతారు. రెండోది మాత్రమే పట్టుకున్నవాళ్ళు దేవుడు నిజంగా మాట్లాడినా వినరు.

కానీ పరీక్షించడం అంటేనే మనకు భయం. పాపం చేస్తున్నట్టు అనిపిస్తుంది. కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు మన అమ్మలు ఏం చేస్తారో గుర్తు చేసుకోండి. కుండను ఎత్తి పట్టుకుని వేలి కణుపుతో తట్టి చూస్తారు. ఖంగుమంటే తీసుకుంటారు. బీట ఉన్న చప్పుడు వస్తే పక్కన పెడతారు. దానికి కుమ్మరి కోప్పడడు. బాగా కాల్చిన కుండ చేసినవాడు తట్టి చూసుకోమనే అంటాడు. తట్టొద్దు అన్నాడంటే ఆ కుండ సంగతే ఆలోచించాలి.

బెరయ పట్టణంలోని యూదులు పౌలునే అలా తట్టి చూశారు. ఆయన సాధారణమైన బోధకుడు కాదు, అపొస్తలుడు. ఆయన చెప్పింది లేఖనాల్లో ఉందో లేదో అని వాళ్ళు రోజూ వెతికి చూసుకున్నారు. అపొస్తలుల కార్యముల గ్రంథం పదిహేడో అధ్యాయంలో ఉంది ఈ సంగతి. దానికి పౌలు నొచ్చుకోలేదు. వాళ్ళు ఘనులని ఆ గ్రంథం మెచ్చుకుంది. పౌలును పరీక్షించడం తప్పు కానప్పుడు, నిన్న టీవీలో కనిపించిన ప్రసంగీకుణ్ణి పరీక్షించడం తప్పెలా అవుతుంది?

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రశ్న అడిగితే చాలు, కొందరు ఒక వచనం చూపించి నోరు మూయిస్తారు. అభిషిక్తులను ముట్టకూడదు, ప్రవక్తలకు కీడు చేయకూడదు అనే వచనం. అది 105వ కీర్తనలో ఉంది. ఇంటికి వెళ్ళి ఆ కీర్తన మొత్తం చదవండి. అక్కడ మాట్లాడుతున్నది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి. వాళ్ళు కొద్దిమంది. సొంత నేల లేదు. ఊరూరూ తిరుగుతూ పరాయి రాజుల దయ మీద బతుకుతున్నారు. వాళ్ళకు హాని చేయొద్దని దేవుడు ఆ రాజులను గద్దించాడు. దిక్కులేనివాళ్ళను బలవంతుల నుంచి కాపాడిన మాట అది. దాన్ని ఇప్పుడు బలవంతుడు తన ముందు కూర్చున్న బీదవాళ్ళ మీద వాడుతున్నాడు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. ప్రశ్న అడగడం ఎవరినీ ముట్టడం కాదు, ఎవరికీ కీడు చేయడం కాదు.

సరే, పరీక్షించాలి. ఎలా?

బైబిల్లో ఇద్దరు ప్రవక్తలు ఎదురెదురుగా నిలబడ్డ సందర్భం ఒకటి ఉంది. యిర్మీయా గ్రంథం 28వ అధ్యాయం. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. మన చిక్కు సరిగ్గా అక్కడే ఉంది.

క్రీస్తు పూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకున్నాడు. రాజైన యెకొన్యాను, పెద్దలను, పనివాళ్ళను చెరపట్టి తీసుకుపోయాడు. దేవుని మందిరంలోని ఉపకరణాలు కూడా తీసుకుపోయాడు. ఇంటికొకరు చొప్పున పోయినట్టు ఉంది ఊరంతా. కొడుకు ఎప్పుడొస్తాడు, తమ్ముడు ఎప్పుడొస్తాడు అని అందరూ ఎదురు చూస్తున్నారు. అలాంటి రోజుల్లో యిర్మీయా మెడ మీద చెక్కతో చేసిన కాడి వేసుకుని తిరుగుతున్నాడు. బబులోనుకు లోబడి బతకండి, ఇది తొందరగా తీరేది కాదు అని చెబుతున్నాడు. వినడానికి ఎవరికీ ఇష్టం లేని మాట.

అప్పుడు హనన్యా వచ్చాడు. గిబియోను ఊరివాడు. బైబిలు అతన్ని కూడా ప్రవక్త అనే పిలుస్తుంది. మందిరంలో, యాజకుల ముందు, ప్రజలందరి ముందు నిలబడ్డాడు. యిర్మీయా ఏ దేవుని పేరున మాట్లాడేవాడో అతనూ ఆ దేవుని పేరునే మాట్లాడాడు. యిర్మీయా ఏ ధోరణిలో మొదలుపెట్టేవాడో అదే ధోరణిలో మొదలుపెట్టాడు. రెండేళ్ళలో బబులోను కాడి విరిగిపోతుందన్నాడు. ఉపకరణాలు తిరిగొస్తాయన్నాడు. చెరపోయినవాళ్ళందరూ ఇంటికొస్తారన్నాడు.

ఆ గుంపులో మీరు నిలబడి ఉన్నారనుకోండి. మీ కొడుకు బబులోనులో ఉన్నాడనుకోండి. ఎవరి మాట నమ్ముతారు? దేవుని పేరు ఇద్దరి నోటా ఉంది. ధైర్యం ఇద్దరికీ ఉంది. మందిరంలో నిలబడే అర్హత ఇద్దరికీ ఉంది. పైగా హనన్యా మాట వింటే ప్రాణం లేచొస్తుంది.

యిర్మీయా ఏం చేశాడో చూడండి. అతన్ని తిట్టలేదు. ఆమేన్ అన్నాడు. దేవుడు అలాగే చేస్తే బాగుండునన్నాడు. ఆయన మనసులో కూడా ఆ కోరిక ఉంది. ఆయన ప్రజలే కదా చెరలో ఉన్నది. తర్వాత ఒక మాట అన్నాడు. మనకంటే ముందున్న ప్రవక్తలు యుద్ధం గురించి, కీడు గురించి, తెగులు గురించి హెచ్చరించారు. క్షేమం వస్తుందని చెప్పే ప్రవక్త సంగతి, ఆ క్షేమం వచ్చినప్పుడు తేలుతుంది. ఇదీ ఆయన మాటల సారం.

హనన్యాకు కోపం వచ్చింది. యిర్మీయా మెడ మీద కాడిని లాగి విరగ్గొట్టాడు. అందరి ముందు. చూసేవాళ్ళకు గొప్పగా కనిపించి ఉంటుంది. ఇప్పుడైతే దాని వీడియో తీసి ఊరూరూ పంపేవాళ్ళు.

యిర్మీయా ఏం చేశాడు? తన దారిన తాను వెళ్ళిపోయాడు. అంతే. కేక వెయ్యలేదు. పోటీకి ఇంకో ప్రవచనం అప్పటికప్పుడు చెప్పలేదు. దేవుడు తనకు మళ్ళీ మాట ఇచ్చేదాకా ఆగాడు. మాట వచ్చాకే తిరిగి వెళ్ళి చెప్పాడు. చెక్క కాడి విరిచావు, దాని బదులు ఇనుప కాడి వస్తుంది అన్నాడు. ఈ ప్రజలను అబద్ధం మీద ఆశ పెట్టుకునేలా చేశావు, ఈ ఏడాదే చనిపోతావు అన్నాడు. అది అయిదో నెల. ఏడో నెలలో హనన్యా చనిపోయాడు. రెండేళ్ళలో చెర తీరుతుందన్న మాట నెరవేరలేదు. ఏడెనిమిదేళ్ళకు యెరూషలేమే కాలిపోయింది, మందిరం కూలిపోయింది.

నిజమైన ప్రవక్త ఆగగలిగాడు. నాకు ఈ అధ్యాయంలో అన్నిటికంటే పెద్ద గుర్తు ఇదే. ఎదుటివాళ్ళు ఎగతాళి చేస్తున్నా, జనం చూస్తున్నా, దేవుడు చెప్పనిది ఆయన చెప్పలేదు. తొందరంతా హనన్యాది. ఇప్పుడు కూడా చూడండి. ‘ఇప్పుడే నిర్ణయించుకో’, ‘ఈ రాత్రే కానుక పంపు’, ‘రేపటికల్లా ఆశీర్వాదం దాటిపోతుంది’ అని తొందరపెడుతున్న గొంతు వినిపిస్తే, మీరు మరింత నెమ్మదిగా నడవండి. దేవుడు నిజంగా చెప్పిన మాట వారం రోజులకే చెడిపోదు.

ఆ తర్వాతి అధ్యాయం కూడా చదవండి. బబులోనులో ఉన్నవాళ్ళకు యిర్మీయా ఉత్తరం రాశాడు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చెయ్యండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. 70 ఏళ్ళు పడుతుందన్నాడు. హనన్యాను నమ్మినవాడు ఇల్లు కట్టుకుంటాడా? చెట్టు నాటుతాడా? రెండేళ్ళలో వెళ్ళిపోతాం కదా అని మూటలు కట్టుకుని కూర్చుంటాడు. అబద్ధ ప్రవచనం చేసే నష్టం ఇదే. అది వేదిక మీద పుడుతుంది కానీ దెబ్బ పడేది ఇంట్లో. కాలేజీలో చేరాల్సిన పిల్లవాడు వీసా వస్తుందని ఏడాది వృథా చేసుకుంటాడు. మంచి సంబంధం తిరగ్గొట్టేస్తారు. ఉన్న పొలం అమ్మేస్తారు.

ఇంకో సంగతి కూడా ఉంది ఆ ఉత్తరంలో. బబులోనులో ఇద్దరు ప్రవక్తలు తిరుగుతున్నారు. దేవుని పేరున అబద్ధాలు చెబుతున్నారు, పొరుగువాళ్ళ భార్యలతో తప్పుగా నడుస్తున్నారు అని యిర్మీయా రెండు నేరాలనూ ఒకే వరసలో రాశాడు. నోటి మాటనూ ఇంటి నడవడినీ ఆయన విడదీయలేదు. యేసు ప్రభువు కూడా కొండమీది ప్రసంగంలో అబద్ధ ప్రవక్తలను ఫలాలను బట్టి గుర్తుపట్టమన్నాడు. ఫలం కాయడానికి కాలం పడుతుంది. ఒక్క సాయంత్రం సభలో అది తెలియదు. మళ్ళీ అక్కడికే వస్తున్నాం. ఆగాలి. చూడాలి. ఆయన భార్యతో ఎలా ఉంటాడు? తనకింద పనిచేసేవాళ్ళతో ఎలా మాట్లాడతాడు? అప్పు తీరుస్తాడా? తప్పు దొరికితే ఒప్పుకుంటాడా? అక్కడి విశ్వాసులను అడగండి. ఊళ్ళోవాళ్ళకు తెలుస్తుంది.

ఇప్పుడు చాలామంది అడిగే ప్రశ్నకు వద్దాం. ‘ఆయన చెప్పింది జరిగింది కదా, ఇంకా అనుమానం ఎందుకు?’ అంటారు.

ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం ఒక పరీక్ష చెబుతుంది. దేవుని పేరున చెప్పింది జరగకపోతే అది దేవుని మాట కాదు, ఆ ప్రవక్తకు భయపడొద్దు అంటుంది. చాలామందికి ఇది తెలుసు. అదే గ్రంథం 13వ అధ్యాయం తెలిసినవాళ్ళు తక్కువ. అతను చెప్పిన సూచన జరిగినా సరే, దేవుని నుంచి మిమ్మల్ని వేరే వైపు తిప్పుతుంటే అతని మాట వినొద్దు అని అక్కడ ఉంది. జరగకపోతే అబద్ధమని తేలిపోతుంది. జరిగినంత మాత్రాన నిజమని తేలదు. ఈ మాట మళ్ళీ చెబుతాను. జరిగినంత మాత్రాన నిజమని తేలదు.

పేరు, ఊరు, జబ్బు చెప్పేశాడని ఆశ్చర్యపోతాం. 1986లో అమెరికాలో ఒక సంగతి బయటపడింది. పీటర్ పోపాఫ్ అనే టీవీ ప్రసంగీకుడు సభలో ఎవరినో చూపించి వాళ్ళ పేరు, ఇంటి చిరునామా, జబ్బు గడగడా చెప్పేవాడు. జనం ఏడ్చేవాళ్ళు. జేమ్స్ రాండి అనే ఇంద్రజాలికుడికి అనుమానం వచ్చింది. ఆయన బృందం రేడియో సంకేతాలు పట్టే పరికరంతో సభకు వెళ్ళింది. లోపలి గదిలోంచి పోపాఫ్ భార్య మాట్లాడుతోంది. ప్రార్థన మనవి కార్డుల మీద జనమే రాసిచ్చిన వివరాలు ఆయన చెవిలో పెట్టుకున్న చిన్న రిసీవరుకు చదివి వినిపిస్తోంది. ఆ రికార్డింగు జాతీయ టీవీలో వేశారు. మరుసటి ఏడాది ఆయన దివాలా ప్రకటించాడు. మన కాలంలో ఆ కార్డులు కూడా అక్కర్లేదు. ఫేస్‌బుక్‌లో మన ఇంటి సంగతులన్నీ మనమే పెడుతున్నాం.

రోజు, తేదీ చెప్పేవాళ్ళ గురించి ఒక్క మాట. హెరాల్డ్ క్యాంపింగ్ అనే ఆయన అమెరికాలో రేడియోలో బోధించేవాడు. 2011 మే 21న ప్రభువు రాకడ అన్నాడు. ఆ రోజు గడిచింది. అక్టోబరు 21 అన్నాడు. అదీ గడిచింది. మరుసటి ఏడాది, తాను తప్పు చెప్పానని శ్రోతలకు బహిరంగంగా ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం రాసే నిజాయితీ ఆయనకు ఉంది. కానీ ఆ తేదీని నమ్మి ఉద్యోగాలు వదిలినవాళ్ళు, దాచుకున్న డబ్బు ప్రచారానికి ఖర్చుపెట్టినవాళ్ళు అప్పటికే ఉన్నారు. ఆ రోజు, ఆ గడియ ఎవరికీ తెలియదని ప్రభువే చెప్పాడు. క్యాంపింగ్ శ్రోతలు ఆ ఒక్క వచనం దగ్గర ఆగి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు డబ్బు సంగతి.

సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు బాగైంది. వెండి, బంగారం, బట్టలు బండ్ల మీద తెచ్చాడు. ప్రవక్త ఎలీషా ఒక్కటీ ముట్టుకోలేదు. ఆయన దగ్గర పనిచేసే గేహజీ వెనకాలే పరుగెత్తాడు. ఎఫ్రాయిము మన్యం నుంచి ప్రవక్తల శిష్యులు ఇద్దరు వచ్చారని, వాళ్ళకోసం వెండి, బట్టలు కావాలని అబద్ధం చెప్పాడు. గమనించండి. తనకోసం అడగలేదు. పరాయివాళ్ళ పేరు చెప్పి అడిగాడు. తెచ్చి తన ఇంట్లో దాచుకున్నాడు. అనాథల పేరుతో, విధవరాళ్ళ పేరుతో వసూలయ్యే కానుకల లెక్క అడగడానికి మనం ఎందుకు సిగ్గుపడతాం? పౌలు యెరూషలేము బీదల కోసం వసూలు చేసిన డబ్బును తానొక్కడే పట్టుకెళ్ళలేదు. నింద రాకూడదని సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంట పెట్టుకున్నాడు.

తొలి సంఘాలు ఈ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉండేవో చెప్పే చిన్న పుస్తకం ఒకటి ఉంది. పేరు డిడాకే. బోధ అని అర్థం. బైబిల్లో భాగం కాదు. కానీ చాలా పాతది. మొదటి శతాబ్దం చివర్లోనో రెండో శతాబ్దం మొదట్లోనో రాసిందని పండితులు అంటారు. శతాబ్దాల పాటు ఎవరికీ దొరకలేదు. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక గ్రంథాలయంలో బయటపడింది. ఊరూరూ తిరిగే ప్రవక్తలు ఆ రోజుల్లో కూడా ఉన్నారు. మంచివాళ్ళు ఉన్నారు, మోసగాళ్ళూ ఉన్నారు. ఆ పుస్తకం ఏం చెబుతుందంటే, వచ్చిన సేవకుణ్ణి ప్రభువును చేర్చుకున్నట్టే చేర్చుకోండి. ఒక రోజు ఉంచండి. అవసరమైతే రెండో రోజు. మూడో రోజు కూడా ఉంటే అతను అబద్ధ ప్రవక్త. వెళ్ళేటప్పుడు దారికి రొట్టె ఇవ్వండి. డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త.

ఆత్మలో మాట్లాడుతున్నవాణ్ణి పరీక్షించి తీర్పు తీర్చొద్దని కూడా ఆ పుస్తకం గట్టిగా హెచ్చరిస్తుంది. తొందరపడి నింద వేయొద్దంటుంది. కానీ ఆత్మ పేరున నాకు డబ్బివ్వండి అన్నవాడి మాట వినొద్దంటుంది. లేనివాళ్ళకోసం ఇవ్వమని అడిగితే అతన్ని తప్పుపట్టొద్దంటుంది. ప్రభువు నడవడి ఎవరిలో ఉందో అతనే ప్రవక్త అంటుంది. మీ మధ్యే స్థిరపడి సేవ చేసే నిజమైన ప్రవక్తకు మాత్రం కడుపునిండా పెట్టమని కూడా చెబుతుంది. కాబట్టి మీ సంఘ కాపరికి మీరిచ్చే కానుక గురించి నేను మాట్లాడడం లేదు. ఎండలో, వానలో మీ ఇంటికొచ్చి ప్రార్థన చేసే పాస్టరుగారిని, పాస్టరమ్మను ఆదుకోవడం మన బాధ్యత. నేను మాట్లాడుతున్నది ప్రవచనానికి ధర కట్టేవాడి గురించి.

అగబు సంగతి వినండి. యెరూషలేము నుంచి అంతియొకయకు వచ్చిన ప్రవక్త. గొప్ప కరవు రాబోతోందని చెప్పాడు. క్లౌదియ చక్రవర్తి రోజుల్లో ఆ కరవు వచ్చింది. ఆ కాలం చరిత్ర రాసిన జోసెఫస్ కూడా యూదయలో ఆకలి చావుల గురించి రాశాడు. అడియాబెనె రాణి హెలెనా ఐగుప్తు నుంచి ధాన్యం కొనిపించి యెరూషలేముకు పంపిందని రాశాడు. సరే, అగబు ప్రవచనం విన్న అంతియొకయ విశ్వాసులు ఏం చేశారు? ఎవరి శక్తికొద్దీ వాళ్ళు డబ్బు పోగు చేశారు. ఆ డబ్బు ఎవరికి పోయింది? అగబుకు కాదు. బర్నబా, సౌలు అనే పౌలు చేతికిచ్చి యూదయలో ఆకలిగా ఉన్న సహోదరులకు పంపారు. ప్రవచనం ఒక నోటి నుంచి వచ్చింది, అన్నం వేరే నోళ్ళకు చేరింది. మీరు విన్న ప్రవచనం తర్వాత డబ్బు ఎటు పోయిందో చూడండి. చాలాసార్లు అక్కడే జవాబు తెలుస్తుంది.

ఈ అగబే ఇంకోసారి కనిపిస్తాడు. పౌలు నడికట్టు తీసుకుని తన కాళ్ళూ చేతులూ కట్టుకున్నాడు. యెరూషలేములో నిన్ను ఇలా బంధిస్తారు అని చెప్పాడు. పక్కనున్నవాళ్ళందరూ ఏడ్చి, వెళ్ళొద్దని పౌలును బతిమాలారు. పౌలు వెళ్ళాడు. అగబు అడ్డుపడలేదు. నా మాట విననందుకు శాపం తగులుతుందని అనలేదు. రాబోయేది చెప్పాడు, నిర్ణయం పౌలుకు వదిలేశాడు. ఇక మొదట్లో చెప్పుకున్న తల్లి సంగతికి వద్దాం. ‘దేవుడు చెప్పాడు, మీ అమ్మాయిని ఫలానా అబ్బాయికే ఇవ్వాలి, లేకపోతే ఇంటికి కీడు’ అని ఎవరైనా అంటే, అమ్మా, మీరు ఒక్క మాట అనండి. ‘అయ్యగారూ, దేవుడు మాతో కూడా మాట్లాడతాడు. ప్రార్థన చేసుకుంటాం. అమ్మాయిని అడుగుతాం. అబ్బాయి గురించి విచారిస్తాం’ అని. ఆ మాటకు ఆయన సంతోషిస్తే మంచిది. భయపెడితే, ఆ భయం దేవుని దగ్గర నుంచి వచ్చింది కాదు.

భయం పని చేసినట్టే గౌరవం కూడా పని చేస్తుంది. రాజుల మొదటి గ్రంథం 13వ అధ్యాయంలో యూదా నుంచి బేతేలుకు వచ్చిన ఒక దైవజనుడు ఉన్నాడు. అక్కడ రొట్టె తినొద్దు, నీళ్ళు తాగొద్దు అని దేవుడు ఆయనకు స్వయంగా చెప్పాడు. రాజు విందుకు పిలిస్తే ఆయన వెళ్ళలేదు. కానీ బేతేలులో ఒక ముసలి ప్రవక్త వచ్చి, దేవదూత నాతో చెప్పాడు, మా ఇంటికి భోజనానికి రా అన్నాడు. పెద్దవాడు, తనలాంటి ప్రవక్తే అని నమ్మి వెళ్ళాడు. అది అబద్ధం. తిరిగి వెళ్ళే దారిలో సింహం ఆయన్ని చంపింది. రాజు ఆశకు లొంగనివాడు, దేవదూత పేరు విని లొంగిపోయాడు. దేవుడు ముందే స్పష్టంగా చెప్పిన మాటకు విరుద్ధంగా ఎవరు చెప్పినా, ఎంత పెద్దవాళ్ళు చెప్పినా, ఆ మాట చెల్లదు. పౌలు గలతీయులకు రాసింది కూడా ఇదే. పరలోకం నుంచి దూత వచ్చి వేరే సువార్త చెప్పినా ఒప్పుకోవద్దన్నాడు.

చివరగా జబ్బుల విషయం. ఇది ప్రాణాలతో సంబంధం ఉన్న సంగతి. దయచేసి జాగ్రత్తగా వినండి.

దేవుడు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను. మీరూ నమ్ముతారు. కానీ యేసు ప్రభువు కుష్ఠరోగిని బాగుచేశాక ఏమన్నాడు? వెళ్ళి యాజకుడికి కనిపించు అన్నాడు. మరోసారి పదిమందికి అదే చెప్పాడు. ఎందుకు? లేవీయకాండం ప్రకారం కుష్ఠు పోయిందో లేదో చూసి తేల్చాల్సింది యాజకుడు. ఆయన చూస్తాడు. ఏడు రోజులు ఆగమంటాడు. మళ్ళీ చూస్తాడు. అప్పుడే బాగైనట్టు లెక్క. స్వస్థపరిచింది దేవుని కుమారుడు. అయినా పరీక్ష చేయించుకోమన్నాడు. ప్రభువే పరీక్షకు పంపితే, పరీక్ష వద్దనే హక్కు ఏ సేవకుడికి ఉంది?

టీబీ మందులు సాధారణంగా 6 నెలలు వాడాలి. నెల తిరిగేసరికి దగ్గు తగ్గుతుంది, ఒంట్లో బాగుంటుంది. బాగైపోయిందనుకుని ఆపితే జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు పాత మందులకు లొంగకుండా మొండికేసే ప్రమాదం ఉంది. ఇంట్లో పిల్లలకు కూడా అంటుకోవచ్చు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. మూర్ఛ మందులైనా అంతే. నిజంగా బాగైతే రక్తపరీక్షలో తెలుస్తుంది, ఎక్స్‌రేలో తెలుస్తుంది, డాక్టరే మందు తగ్గిస్తాడు. అప్పుడు సంఘంలో లేచి సాక్ష్యం చెప్పండి. ఆ సాక్ష్యాన్ని ఎవరూ కాదనలేరు.

సంఘ కాపరులకు, పెద్దలకు ఒక మనవి. కొరింథు సంఘానికి పౌలు ఒక పద్ధతి చెప్పాడు. ప్రవక్తలు ఇద్దరో ముగ్గురో మాట్లాడాలి, మిగతావాళ్ళు ఆ మాటలను వివేచించాలి అన్నాడు. మన సంఘాల్లో మొదటి సగం ఉంది, రెండో సగం లేదు. మాట్లాడేవాళ్ళు ఉన్నారు, వివేచించేవాళ్ళు లేరు. మీ సంఘంలో నలుగురైదుగురిని అందుకు నిలబెట్టండి. వాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉండాలి. బయటి నుంచి వచ్చినవాళ్ళు ఎవరికి ఏ ప్రవచనం చెప్పినా ఒక పుస్తకంలో రాయించండి. తేదీ వేయండి. ఏడాదికి ఒకసారి ఆ పుస్తకం తెరిచి చదవండి. ప్రవచనం అబద్ధమైతే సంఘానికి చెప్పండి. మోసపోయినవాళ్ళను ‘నీకు విశ్వాసం చాలలేదు’ అని గాయపరచకండి. ద్వితీయోపదేశకాండం తప్పు వేసింది అబద్ధం చెప్పినవాడి మీద. విన్నవాడి మీద కాదు.

మోసపోయిన అన్నయ్యలారా, అక్కయ్యలారా, మీరు సిగ్గుపడి సంఘానికి రావడం మానకండి. జరిగింది మీ కాపరితో చెప్పండి. డబ్బు పోయి ఉంటే పోలీసులకు చెప్పడంలో పాపం లేదు.

ఎవరి మాటో విని మందులు ఆపినవాళ్ళు ఈ ప్రసంగం వింటుంటే, వాయిదా వేయకండి. రేపు ఉదయమే మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. టీబీ మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. ఎన్నాళ్ళ క్రితం ఆపారో దాచకుండా చెప్పండి. ఒంటరిగా వెళ్ళలేకపోతే సంఘంలో ఒకరిని తోడు తీసుకెళ్ళండి.